అలారం నేర్పిన త్రిత్వం

ఒకావిడ గోడగడియారాన్ని రిపేరు దుకాణానికి తెచ్చి బల్ల మీద పెట్టి, "దీనికి ఒకటే ముల్లు ఉందండీ" అంది.

అందరూ లోలకమని పిలిచే మెకానిక్కు వంగి చూశాడు. నిజమే. గంటల ముల్లు ఒక్కటే ఉంది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య నిలబడి తన పని తాను చేసుకుపోతోంది.

"శుక్రవారం తీసుకెళ్ళానండీ. గోడకి తగిలించాక గానీ చూసుకోలేదు. మూడు రోజులుగా మా ఇంట్లో పొద్దున్నే టైమెంతని ఎవరిని అడిగినా 'ఎనిమిది దాటింది, తొమ్మిది కాలేదు' అంటున్నారు. మా ఆయనకి రోజూ బస్సు తప్పిపోతోంది."

వెనక బల్ల దగ్గర కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న భాగస్తుడు అలారం తల ఎత్తకుండానే అన్నాడు. "అది నేను బిగించిందేనండీ. సాయంత్రానికి ఇచ్చేస్తాం."

ఆవిడ గుమ్మం దాటిందో లేదో, మందుల షాపాయన ఇంకో గడియారం చంకలో పెట్టుకుని వచ్చాడు. సెకన్ల ముల్లు లేని రకం అది. అయినా దానికి మూడు ముళ్ళున్నాయి. గంటల ముల్లు ఒకటి, నిమిషాల ముళ్ళు రెండు. రెండిట్లో ఒకటి రెండోదానికి పావుగంట వెనక నడుస్తోంది.

"ఇందులో దేన్ని నమ్మమంటారు?" అన్నాడాయన.

అది లోలకం బిగించింది.

ఏం జరిగిందో ఇద్దరికీ వెంటనే అర్థమైంది. గురువారం మధ్యాహ్నం ఆ రెండు గడియారాలూ రెండు బల్లల మీద ఉన్నాయి. రెండు బల్లల మధ్యా దేవుడున్నాడు. దేవుడు ఒక్కడేనని అలారం, ఒక్కడే గానీ ముగ్గురని లోలకం, గంటన్నర సేపు వాదించుకున్నారు. అలారం 'ఒక్కడే, ఒక్కడే' అంటూ ఒక ముల్లు బిగించి అద్దం మూసేశాడు. లోలకం 'తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ' అంటూ మూడు బిగించాడు. మూడోది అలారం బల్ల మీద మిగిలిపోయిన ముల్లు.

పరీక్షించకుండా ఇచ్చారా అంటే, పరీక్షించే ఇచ్చారు. కానీ ఆ దుకాణంలో గడియారాన్ని కంటితో పరీక్షించే అలవాటు లేదు. చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వంద టిక్కులు వింటారు. టిక్కుకీ టక్కుకీ మధ్య ఎడం సమానంగా ఉంటే పని అయినట్టే. ఇద్దరికీ పని నేర్పిన గురువుగారు పెట్టిన పద్ధతి అది. "మొహం చూస్తే మోసపోతారు, గుండె వినండి" అనేవారు. ఇద్దరూ విన్నారు. రెండు గడియారాల గుండెలూ బాగానే ఉన్నాయి.

ముప్ఫై ఏళ్ళ కిందట, ఒకే నెలలో, ఇద్దరూ ఆ గురువుగారి దగ్గర పనికి చేరారు. పేర్లు పెట్టింది ఆయనే. ఒకడు ముస్లిం. నలభై గడియారాలు నలభై టైములు చూపించే దుకాణంలో, దేన్నీ చూడకుండా, నమాజు వేళకి ఠంచనుగా లేచి నిలబడేవాడు. వాడు అలారం అయ్యాడు. రెండోవాడు క్రైస్తవుడు. ఏది అడిగినా ముందు ఇటు, తర్వాత అటు తల ఊపి, ఆ ఊపులో అడిగిందేమిటో మర్చిపోయేవాడు. వాడు లోలకం. ఇప్పుడు ఇద్దరికీ యాభై దాటాయి. దుకాణం వాళ్ళదే అయింది. పేర్లు మాత్రం మారలేదు.

గురువుగారు ఇప్పుడు ఊరి చివర ఆస్పత్రిలో, మంచం దిగలేని రోగుల వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఉన్నారు. భార్య పోయింది, పిల్లలు పుట్టలేదు. చూడటానికి వచ్చేది ఈ ఇద్దరే. బయటివాళ్ళని నాలుగు నుంచి ఐదు దాకా లోపలికి వదులుతారు. మూడింటికి ఇచ్చే మందుకి గురువుగారు ఆరు దాకా నిద్రపోతారు. పదకొండు వారాలుగా ఇద్దరూ వెళ్ళి, ఆయన నిద్రని చూసి, ఊపిరి సమానంగా ఉందో లేదో విని, తిరిగి వస్తున్నారు. ఆయన గొంతు విని పదకొండు వారాలైంది.

వేళతో పని లేకుండా వార్డులోకి వెళ్ళే పాసు మతపెద్దలకి మాత్రమే ఇస్తారు. మసీదు తరఫున ఇమాంగారికి ఉంది. చర్చి తరఫున సంఘపెద్దలకి ఉంది. ఇమాం కావడం అలారం వల్ల అయ్యే పని కాదు. సంఘపెద్ద కావడం లోలకం వల్ల అవుతుందని ఇద్దరూ అనుకున్నారు. అందుకు పాస్టరుగారూ ఆరుగురు పెద్దలూ అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పాలి. అవకాశాలు మూడు. మూడూ పోతే ఐదేళ్ళు ఆగాలి. గురువుగారి దగ్గర ఐదేళ్ళు లేవు. ఆ సంగతి డాక్టరు చెప్పక్కర్లేదు.

లోలకం రెండు అవకాశాలు పోగొట్టుకున్నాడు. రెండుసార్లూ ఒకే ప్రశ్న దగ్గర. దేవుడు ఒక్కడంటాం, ముగ్గురంటాం, ఎలా?

మొదటిసారి నీళ్ళు, మంచుగడ్డ, ఆవిరి అన్నాడు. మూడూ ఒకటే పదార్థం కదా. "నీళ్ళు గడ్డకడితే ఇక నీళ్ళుండవు. కుమారుడు సిలువ మీద ఉన్నంతసేపూ తండ్రి లేడంటారా?" అన్నారు పాస్టరుగారు. లోలకం ఇటూ అటూ తల ఊపి కూర్చున్నాడు. రెండోసారి గడియారం అన్నాడు. ఇరుసు ఒకటి, ముళ్ళు మూడు. "ఒక్క ముల్లు గడియారమవుతుందా? తండ్రి దేవుడిలో మూడోవంతా?" అన్నారు. పెద్దల కార్యదర్శి లోలకం భార్య తమ్ముడే. పుస్తకంలో తప్పాడని రాసుకుని, గుమ్మం దాకా వచ్చి, "ఈసారి ఏ సామాను తెస్తారు బావా?" అని అడిగాడు.

"ఇలాగైతే పరీక్ష కంటే ముందు దుకాణం పోతుంది" అన్నాడు అలారం, ఒంటిముల్లు గడియారం అద్దం విప్పుతూ. "ఎప్పుడు వెళ్ళాలి?"

"ఆదివారం."

"ఏం చెబుతావ్?"

"సూర్యుడు. సూర్యుడు, వెలుగు, వేడి. మా బావమరిది తొమ్మిదేళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకి అదే చెబుతున్నాడు."

అలారం భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. వాదన ముదిరితే తప్ప అతను అది తీయడు.

"వెలుగు సూర్యుడా?"

"సూర్యుడిలోంచి వచ్చేది."

"నేనడిగింది అది కాదు. వెలుగు సూర్యుడా, కాదా?"

లోలకం ఇటు ఊగాడు, అటు ఊగాడు. "కాదు."

"అయితే కుమారుడు దేవుడు కాదన్నావు. నాకేం అభ్యంతరం లేదు. నేను ముప్ఫై ఏళ్ళుగా మొత్తుకుంటున్నది అదే. మీ పాస్టరుగారు ఊరుకుంటారా?"

"పోనీ ఇది విను. నేను మా అమ్మకి కొడుకుని, మా అమ్మాయికి తండ్రిని, మా ఆవిడకి మొగుణ్ణి. మనిషిని ఒక్కణ్ణే."

"కొడుకుగా నువ్వు ప్రార్థన చేస్తే తండ్రిగా నువ్వే వింటావా? పట్టుకుపోవడానికి వస్తున్నారని తెలిసి యేసు తోటలో మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాడని మీరేగా చెబుతారు. ఎవరికి చేశాడు? తనకి తనేనా?"

"ఒరేయ్, నువ్వసలు నా పక్షమా, కాదా?"

"కాదు. అందుకే నీకు పనికొస్తాను. నీ పక్షం వాళ్ళు చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు వినే రెండుసార్లు బోల్తా పడ్డావు."

ఆ మధ్యాహ్నం నుంచి పాఠాలు మొదలయ్యాయి. అలారం మొదట పెట్టిన షరతు, సామాను తేకూడదని. నీళ్ళు, ముళ్ళు, సూర్యుడు, మూడు రేకుల ఆకు, ఏదీ వద్దు. లోలకం వాళ్ళ విశ్వాస ప్రమాణం ఉన్న చిన్న పుస్తకం తెమ్మన్నాడు. వాక్యం వాక్యం చదివించాడు. తర్వాత పుస్తకం మూయించి, సొంత మాటల్లో చెప్పమని, గడియారాన్ని పరీక్షించినట్టే కళ్ళు మూసుకుని విన్నాడు.

"దేవుడు ఒక్కడు. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు. ముగ్గురూ కలిస్తే..."

"ఆగు. టిక్కు తప్పింది. 'కలిస్తే' అన్నావు. విడిపోయినవాళ్ళు కలుస్తారు. మీ పుస్తకంలో ఆ మాట లేదు."

"మరేమనాలి?"

"ఏమీ అనకు. ఆపేయ్. నీతో ఎప్పుడూ ఇదే గొడవ. సరిగ్గా బిగించాక ఇంకో చుట్టు తిప్పుతావు, మర అరిగిపోతుంది."

బుధవారం నాటికి అలారం తనే లేచి నిలబడి చెప్పసాగాడు. "చూడు, ఇలా చెప్పాలి. తండ్రి కుమారుడు కాడు. కుమారుడు ఆత్మ కాడు. ఆత్మ తండ్రి కాడు. కానీ ముగ్గురు దేవుళ్ళు లేరు, ఒక్కడే దేవుడు. ఎవరూ ముందు లేరు, ఎవరూ వెనక లేరు, ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు." చెబుతూ చెబుతూ పట్టకారుతో బల్ల మీద కొడుతున్నాడు. ఒంటిముల్లు గడియారం ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. ముల్లు బిగించి సోమవారమే ఇచ్చేశారు గానీ, ఎందుకైనా మంచిదని ఇంకోసారి చూపించడానికి తెచ్చింది.

"ఎంత బాగా చెప్పారండీ! మీరు ఏ చర్చికి వెళ్తారు?" అంది ఆవిడ.

అలారం "తౌబా, తౌబా" అని దేవుణ్ణి క్షమించమంటూ రెండు చెంపలూ తాకి, టోపీ సర్దుకుని, నమాజుకి ఇంకా ముప్పావు గంట ఉండగానే మసీదుకి వెళ్ళిపోయాడు. ముప్ఫై ఏళ్ళలో అతను వేళ తప్పడం అదే మొదలు.

తిరిగి వచ్చాక లోలకం అడిగాడు. "ఇమాంగారు ఏమన్నారు? మానేయమన్నారా?"

"నమ్మమని చెబుతున్నావా, వాళ్ళది వాళ్ళు సరిగ్గా చెప్పేలా చూస్తున్నావా అని అడిగారు. సరిగ్గా చెప్పేలా చూస్తున్నానన్నాను. ఎదుటివాడి మాటని వంకరగా చెప్పి గెలవడం కంటే అది నయం, ఫరవాలేదన్నారు."

"హమ్మయ్య."

"కానీ మరీ అంత బాగా చెప్పకు, వీధిలోకి వినబడుతోందన్నారు."

లోలకం చాలాసేపు నవ్వాడు. నవ్వాక ఊరుకోలేదు. "అందరి సామానూ విరగ్గొడతావు గదా, నువ్వు సామాను లేకుండా మీ దేవుణ్ణి చెప్పు చూద్దాం."

"మాకు సామాను అవసరమే రాదు. ఆయన ఒక్కడు. ఆయనకి పిల్లల్లేరు, తల్లిదండ్రుల్లేరు, జోడు లేదు, పోలిక లేదు. అయిపోయింది."

"మరి మీ గ్రంథంలో ఉన్న ఆయన మాట? అదెప్పుడు పుట్టింది?"

"అది పుట్టడమేంటి? ఎప్పుడూ ఆయనతోనే ఉంది."

"ఎప్పుడూ దేవుడితో ఉన్న మాట. మేమూ కుమారుణ్ణి అదేగా అంటున్నాం."

పట్టకారు ఆగింది. "కాదు. మా దగ్గర మాట మాటగానే ఉంది. మీరు దానికి ఒళ్ళు తొడిగారు."

"మేం తొడగలేదు. అదే తొడుక్కుంది."

అలారం ఆ వారంలో రెండోసారి భూతద్దం తీశాడు. సాయంత్రం దాకా తేలలేదు. ఆ రోజు నుంచి, అద్దం మూసే ముందు ముళ్ళు లెక్కపెట్టాలన్నది దుకాణంలో కొత్త పద్ధతి అయింది.

ఆదివారం పదకొండింటికి లోలకం చర్చి వెనక గదిలో కూర్చున్నాడు. బల్లకి అవతల పాస్టరుగారు, ఆరుగురు పెద్దలు. చివరి కుర్చీలో బావమరిది, పుస్తకం, కలం. గోడ మీద గడియారం. కూర్చోగానే లోలకానికి ముందు గడియారమే వినబడింది. టిక్కు పొట్టిగా, టక్కు పొడుగ్గా ఉంది. గోడకి వంకరగా తగిలించారు.

"ఈసారి ఏం తెచ్చారు?" అన్నారు పాస్టరుగారు.

"ఏమీ తేలేదండి."

లోలకం కళ్ళు మూసుకున్నాడు. తల కదలకుండా చెప్పాడు. ఒక్కడే దేవుడన్నాడు. ముగ్గురి పేర్లూ చెప్పి, ఒక్కొక్కరూ దేవుడే అన్నాడు, ఒకరు ఇంకొకరు కాదన్నాడు, దేవుళ్ళు ముగ్గురు కాదన్నాడు. "దీనికి సాటి చెప్పమంటే నా దగ్గర లేదండి. ఉన్నవన్నీ విరిగిపోయాయి" అని ఆపేశాడు. ఇంకో చుట్టు తిప్పలేదు.

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బావమరిది కలం కింద పెట్టాడు. "సాటి లేకపోవడమేంటి బావా? సూర్యుడు, వెలుగు, వేడి. చంటిపిల్లలు కూడా చెబుతారు."

"వెలుగు సూర్యుడు కాదుగా. అలా అంటే కుమారుణ్ణి తక్కువ చేసినట్టవుతుంది."

పాస్టరుగారు నెమ్మదిగా బావమరిది వైపు తిరిగారు. "ఆదివారం బడిలో ఇదేనా చెబుతున్నారు? ఎన్నాళ్ళుగా?"

బావమరిది గొంతు పెంచాడు. "ఇవి మా బావ మాటలు కావు. నాకు ఆయన సంగతి తెలీదా? ఎవరు నేర్పారో చెప్పమనండి."

గదిలో టిక్కు, టక్కు తప్ప ఏమీ లేదు. పాస్టరుగారు ఎదురుచూస్తున్నారు. ఎవరో పెద్దాయన చెప్పాడంటే సరిపోతుందని లోలకానికి తెలుసు. పుస్తకం చదివానన్నా అబద్ధం కాదు. ఇటు ఊగితే పాసు, అటు ఊగితే ఐదేళ్ళు. ఆ పొట్టి టిక్కు, పొడుగు టక్కు వింటూ ఆలోచించడం అతని వల్ల కాలేదు. లేచి వెళ్ళి గడియారాన్ని ఎడమవైపు వేలెడు జరిపాడు. విన్నాడు. సమానమైంది. వచ్చి కూర్చున్నాడు.

"మా అలారం నేర్పాడండి" అన్నాడు.

"ఎవరు?"

"నా దుకాణంలో భాగస్తుడు. ముస్లిం."

బావమరిది కుర్చీలో వెనక్కి వాలాడు. పెద్దల్లో ఒకావిడ ఉన్నారు, బడిలో లెక్కలు చెప్పి రిటైరైనావిడ. ఆవిడ ముందుకి వంగారు. "ఆయన నమ్ముతారా ఇదంతా?"

"ఒక్క ముక్క కూడా నమ్మడండి."

"మరి ఇంత సరిగ్గా ఎలా చెప్పగలిగారు?"

"ముప్ఫై ఏళ్ళుగా కాదని చెబుతున్నాడండి. కాదనాలంటే అదేంటో ముందు తెలియాలంటాడు."

లెక్కల మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు నవ్వలేదు. "ఆయన నమ్మేదేంటో మీరు చెప్పగలరా?"

లోలకం చెప్పాడు. పిల్లల్లేరు, తల్లిదండ్రుల్లేరు, జోడు లేదు, పోలిక లేదు. ఆయన గొప్పతనంలో ఎవరికీ వాటా లేదు. అలారం బల్ల మీద కొట్టి చెప్పే చోట తనూ బల్ల మీద కొట్టబోయి ఆగాడు.

"చక్కగా చెప్పారు. మరి మీరు అటు వెళ్ళకుండా ఇక్కడెందుకున్నారు?"

ఆ ప్రశ్న పాఠాల్లో లేదు. అయినా లోలకం చెప్పాడు. "వాడు చెబుతుంటే తల వంచాలనిపిస్తుందండి. కానీ మా గురువుగారు మంచం మీద ఉన్నారు. ఆయన పక్కన కూర్చున్నప్పుడు, నొప్పి అంటే ఏంటో అనుభవించిన దేవుణ్ణే పిలవాలనిపిస్తుంది. అలా అంటే వాడు ఒప్పుకోడు. దేవుడికి నొప్పేంటంటాడు. అక్కడే ఆగిపోయి ఉన్నాం."

బయట కూర్చోమన్నారు.

బయట ప్రహరీ పక్కన అలారం నిలబడి ఉన్నాడు, చంకలో గడియారంతో. "ఎవరైనా అడిగితే ఇది ఇచ్చి పోదామని వచ్చానని చెప్పడానికి తెచ్చా" అన్నాడు. "ఏం చెప్పావో చెప్పు."

లోలకం మొదటి నుంచి చెప్పాడు. అలారం కళ్ళు మూసుకుని, గోడకి ఆనుకుని విన్నాడు. చివరి ప్రశ్న దగ్గర ఒకసారి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"నువ్వు చెప్పిందంతా తప్పు" అన్నాడు చివరికి. "ఎక్కడా తప్పు లేకుండా చెప్పావు. కానీ నా పేరెందుకు చెప్పావురా? కొంప మునిగితే?"

"ఇమాంగారి దగ్గర నువ్వు నా పేరు చెప్పలేదా?"

అలారం గడియారాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

ఇరవై నిమిషాలకి పాస్టరుగారే బయటికి వచ్చారు. ఐదుగురు ఒప్పుకున్నారు. బావమరిది ఎటూ చెప్పలేదు. "ఆదివారం బడి ఇక మీరు చూసుకోండి. సూర్యుణ్ణి ఆకాశంలోనే ఉంచండి" అన్నారు లోలకంతో. తర్వాత అలారానికి నమస్కారం పెట్టి, చంకలో గడియారం చూసి, "ఇది మాకా?" అని అడిగారు.

"కాదండి. మందుల షాపాయనది" అన్నాడు అలారం. అతనికి అబద్ధాలు రావు.

పాసు బుధవారం వచ్చింది. మర్నాడు ఉదయమే దుకాణానికి తాళం వేసి, ఎనిమిదిన్నరకి ఇద్దరూ వార్డు గుమ్మం దగ్గరున్నారు. కాపలావాడు పాసు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒక్కరికే ప్రవేశం అని రాశారండీ. మీరిద్దరున్నారు."

అలారం లోలకాన్ని మోచేత్తో పొడిచాడు. "చెప్పరా, సంఘపెద్దవి కదా. మనిద్దరం ఒక్కరమే ఎలా అవుతామో ఈయనకి చెప్పు."

"అది దేవుడికే చెల్లుతుంది. మన మొహాలకి కాదు."

"చూశారా, సాటి అడిగితే చెప్పడు. నేను నేర్పిందే" అన్నాడు అలారం కాపలావాడితో.

"సంఘపెద్దకి మీరు నేర్పారా? అయితే పాసు మీ పేర కదా రావాలి?"

"నేను వెళ్తే మొదటి ప్రశ్నకే పంపించేస్తారు. నేను నమ్మను."

కాపలావాడు పాసు చూశాడు, ఇద్దర్నీ చూశాడు, ఇంకోసారి పాసు చూశాడు. వీళ్ళ మధ్య తేలనిది తన కుర్చీ ముందు తేలేలా లేదనుకున్నాడు కాబోలు, తలుపు తీశాడు. "లోపల మాత్రం గొడవ పడకండి, రోగులుంటారు."

కిటికీ పక్క మంచం మీద గురువుగారు కళ్ళు మూసుకునే ఉన్నారు. మందు వేళ కాదు. నిద్ర కాదు. రెండు జతల చెప్పులు దగ్గరికి రావడం విన్నారు.

"లోలకం" అన్నారు. కొంచెం ఆగి, "అలారం" అన్నారు.

ఇద్దరూ మంచానికి ఆ పక్క ఒకడు, ఈ పక్క ఒకడు నిలబడ్డారు.

"మీ దేవుడి వాదన తేలిందా?"

"లేదండి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

గురువుగారు ఆ మాటని, చెవి దగ్గర గడియారం పెట్టుకున్నప్పటిలాగే, చివరిదాకా విన్నారు.

"అయితే రేపు కూడా రండి" అన్నారు.